తెర మీద పన్నెండు వోల్టులు

కంప్యూటర్ల మరమ్మతు పనిలో ఉన్నవాళ్లు ఏదో ఒకరోజు ఒక కాగితం మీద “యంత్రంలో లోపం లేదు” అని రాసి కింద సంతకం పెట్టాల్సి వస్తుంది. నేను అలాంటివి వందల్లో రాసి ఉంటాను. చాలావరకు గుర్తు లేవు. ఒకటి మాత్రం, పని మానేసి ఇంట్లో కూర్చున్నాక కూడా, అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. రెండే వాక్యాలు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్లకు ఆ రెండు వాక్యాల కథ చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

మాది నందికొండ. నాయిన కాల్వ మీద నీటిమట్టం చూసి పుస్తకంలో రాసే పనిలో ఉండేవాడు. నేను ఐటీఐ చదివి, నల్లగొండలో టీవీలు బాగుచేసే షాపులో కొన్నేళ్లు పనిచేసి, కంప్యూటర్లు వచ్చాక అటు మళ్లాను. తెలంగాణ వచ్చిన మూడు నాలుగేళ్లకు మా కంపెనీకి మహబూబ్‌నగర్ వైపు కొన్ని ఆఫీసుల కంప్యూటర్లు చూసే కాంట్రాక్టు దొరికింది. నన్ను అక్కడికి పంపారు. ఒకరోజు నారాయణపేట వైపు, ఒకరోజు ఆత్మకూర్ వైపు బండి మీద తిరిగేవాణ్ని. సంచిలో స్క్రూడ్రైవర్లు, దుమ్ము దులిపే బ్రష్, ఒక పెన్ డ్రైవ్, ఒక మల్టీమీటర్.

మీటరు సంచి అడుగునే ఉండేది. దానితో పని తగ్గిపోయింది. పెన్ డ్రైవ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఉండేది. దాన్ని తెరిస్తే కంప్యూటర్ లోపలి వోల్టేజీలు, ఫ్యాన్ వేగం, వేడి అన్నీ తెర మీద కనిపించేవి. డబ్బా విప్పక్కర్లేదు, దుమ్ము మింగక్కర్లేదు. రోజుకు ఏడెనిమిది ఆఫీసులు చుట్టాల్సినవాడికి అంతకంటే ఏం కావాలి?

ఇప్పుడు చెప్పబోయేది అక్కడి ఒక పట్టణంలో జరిగింది. పట్టణం పేరు అవసరం లేదు. పశువుల దవాఖాన వెనకాల టీకా మందులు నిల్వచేసే ఒక శీతలగది ఉండేది. చుట్టుపక్కల మండలాలకు గొర్రెల టీకాలు, పశువుల టీకాలు అక్కడినుంచే వెళ్లేవి. మందు ఎప్పుడూ చల్లగా ఉండాలి. ఆ చల్లదనం ఎంతుందో ఒక తీగ ద్వారా పక్కగదిలోని కంప్యూటర్‌కు చేరేది. ఐదు నిమిషాలకోసారి అది దాన్ని రాసిపెట్టుకునేది. కంప్యూటర్ ఆగిపోతే ఆ రాత కూడా ఆగిపోతుంది. శీతలగది మాత్రం తన మానాన తాను నడుస్తూనే ఉంటుంది. ఈ రెండో సంగతి అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు.

ఆ గదిని చూసుకునే మనిషికి యాభై దాటి ఉంటాయి. గొర్రెలు కాసే కుటుంబం. ఎంత మొండి గేదెనైనా మెడ నిమిరి నిలబెట్టగలడని దవాఖాన డాక్టరమ్మ ఆయన్ను కాంట్రాక్టు పనిలోకి తెచ్చుకుంది. చదువు లేదు. కానీ ఏ మందు ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పేవాడు. ఇంటి దగ్గర సొంత మంద ఉండేది. దాన్ని భార్య, తమ్ముడు చూసుకునేవాళ్లు.

ఆ ఏడు వానల ముందు, గొర్రెలను ఉన్నట్టుండి చంపేసే చిటుకు రోగానికి టీకాలు వేశారు. వేసిన కొద్దిరోజులకే మూడు నాలుగు ఊళ్లలో గొర్రెలు చచ్చిపోయాయి. సరిగ్గా అప్పుడే పైనుంచి తనిఖీకి వచ్చినవాళ్లు కంప్యూటర్ రాతలు తీసి చూస్తే మధ్యమధ్యలో ఖాళీలు కనబడ్డాయి. ఒకచోట గంట, ఒకచోట రెండు గంటలు, ఎక్కువగా మధ్యాహ్నాలే. ఇక జనం ఆ రెండింటినీ కలిపేశారు. ఆయన మిషన్లు బంద్ చేసి ఇంటికి వెళ్లి పడుకున్నాడని, మందు చెడిపోయిందని, ఆ మందు వల్లే గొర్రెలు చచ్చాయని. ఆయన మాత్రం కంప్యూటర్ దానంతట అదే ఆగిపోతోందని చెప్పాడు. తేల్చడానికి నన్ను పంపారు.

నేను వెళ్లేసరికి పదకొండు కావస్తోంది. ఇంకా మూడు ఆఫీసులు మిగిలి ఉన్నాయి. నేను సంచి దించకముందే ఆయన మొదలుపెట్టాడు.

“సారూ, గా ఫ్రిజ్ మోటరు షురూ అయినప్పుడు లైటు జర గుడ్డిగైతది. గప్పుడే గిది గుటుక్కుమంటది. మల్ల బటన్ ఒత్తితేనే లేస్తది. నేను లోపట డబ్బాలు సర్దుకుంట ఉంటే, గిది బందైందని నాకెట్ల తెలుస్తది?”

“ఎన్నిసార్లయింది?” అన్నాను, కీబోర్డు మీదినుంచి తల ఎత్తకుండా.

ఆయన తలుపు ఓరగా జరిపాడు. దాని వెనక గోడ మీద సుద్దముక్కతో గీసిన గీతలు. ఐదేసి, ఐదేసి, వరుసలు వరుసలుగా ఉన్నాయి.

“బందైనప్పుడల్ల ఒక గీత పెట్టిన. నాకు రాసుడు రాదు గద.”

చూశాను. సరే సరే అన్నాను. పెన్ డ్రైవ్ పెట్టి సాఫ్ట్‌వేర్ తెరిచాను. పన్నెండు ఉండాల్సిన చోట పన్నెండు పాయింట్ ఒకటి. ఐదు ఉండాల్సిన చోట సరిగ్గా ఐదు. అన్నీ పచ్చరంగులో. కింద ఒక వరుసలో మాత్రం వేడి నూటఇరవై ఏడు డిగ్రీలని చూపిస్తోంది. అంత వేడే ఉంటే ఆ కంప్యూటర్ ఎప్పుడో మాడిపోవాలి. నాకు నవ్వొచ్చింది.

“సూడన్నా, నీ కంప్యూటర్ల నీళ్లు మసులుతున్నయంట” అన్నాను.

ఆయన నవ్వలేదు.

పిల్లలూ, ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఒకే తెర మీద, ఒకే చిప్ చెప్పిన రెండు అంకెలు. ఒకటి పచ్చి అబద్ధమని నాకు తెలుసు. తెలిసీ, దాని పైవరుసలో ఉన్నదాన్ని నిజమని రాసుకున్నాను. ఎందుకంటే ఆ రెండోది నాకు కావాల్సిన అంకె.

కాసేపటికి శీతలగది మోటరు మొదలైంది. లైటు ఒక్క క్షణం మసకబారింది. కంప్యూటర్ మాత్రం ఆగలేదు. పన్నెండు పాయింట్ ఒకటి కదలలేదు.

“సూసినవా? ఏం కాలె.”

“అన్నిసార్లు గాదు సారూ. పగటీలి ఎండ ఎక్కినంక అయితది. లైన్ల కరెంటు గప్పుడు మరీ తక్కువుంటది. జర కూసో. ఒంటిగంట దాటనియ్యి.”

బల్ల కింద యూపీఎస్ డబ్బా కనబడింది. బ్యాటరీ పాడై ఏడాదైందన్నాడు. కంప్యూటర్ తీగ నేరుగా గోడకే గుచ్చి ఉంది. మోటరుదీ, దీనిదీ ఒకే లైను. అది చూశాక అయినా నాకు అనుమానం రావాల్సింది. రాలేదు. నా చేతి గడియారం వైపు చూసుకుని రిపోర్టు పుస్తకం తీశాను.

“విద్యుత్ సరఫరా వోల్టేజీలు సరిగా ఉన్నాయి. యంత్రంలో లోపం లేదు.”

ఆయన నా భుజం మీదుగా ఆ అక్షరాల వైపు చూశాడు.

“గిండ్ల ఏం రాసినవ్ సారూ?”

“ఉన్నదే రాసిన” అన్నాను.

రెండు వారాల తర్వాత మా ఇన్‌ఛార్జి మాటల మధ్యలో చెప్పాడు, ఆ పశువుల దవాఖాన ఆయన్ను తీసేశారని. ఇన్‌ఛార్జి నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు, నల్లగొండ ఆఫీసులో కూర్చుని మా అందరినీ నడిపించేవాడు. “నీ రిపోర్టు మంచిగ పనికొచ్చిందంట అన్నా” అన్నాడు. అప్పుడు నాకు బాధ కలగలేదు. ఇప్పుడు అబద్ధం చెప్పి ఏం లాభం? మనిషి తప్పు చేశాడు, దొరికాడు అనుకున్నాను. ఆ సాయంత్రానికల్లా మర్చిపోయాను.

నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు ఫోను. గొంతు కొత్తది, భయపడుతున్న ఆడగొంతు.

“సార్, నేను టీకాల గదిల పనిజేస్తున్న. పాతాయన జాగల నన్ను పెట్టిన్రు. మీ నెంబరు గోడకు అంటిచ్చి ఉంటే జేస్తున్న. గా కంప్యూటర్ బందైతాంది సార్. నేను ముట్టుకోలే. పిల్లల మీద ఒట్టు.”

“ఎప్పుడు బందైతాంది?”

“పగటీలి. గా మోటరు షురూ అయినప్పుడు. నన్ను గూడ తీసేస్తరేమో సార్. జర వచ్చి సూడున్రి.”

ఫోను పెట్టేశాను. ఆ మాటలు నేను ముందే విన్నవి. ఒక్క మాట తేడా లేదు.

ఈసారి మధ్యాహ్నం పన్నెండున్నరకు వెళ్లాను. వేరే ఆఫీసులేవీ పెట్టుకోలేదు. మొదట తలుపు వెనక్కి వెళ్లి చూశాను. గోడంతా తెల్లగా ఉంది. ఏదో తనిఖీ ఉందని నెల కిందట సున్నం వేయించారట. ఆ గీతలు చూసినవాణ్ని, ఆయన కాకుండా, ఇక నేనొక్కణ్నే.

సాఫ్ట్‌వేర్ తెరిచాను. పన్నెండు పాయింట్ ఒకటి. సంచి అడుగునుంచి మీటరు తీశాను. డబ్బా పక్కరేకు విప్పి, వాడకుండా వేలాడుతున్న ఒక కనెక్టర్ చూసుకుని, నల్లతీగలో మీటరు నల్లపుల్ల, పసుపుతీగలో ఎర్రపుల్ల పెట్టాను. పన్నెండు పాయింట్ నాలుగు.

ఆ అంకె చూసి నాకు హాయిగా అనిపించింది. తెర చెప్పిందీ, మీటరు చెప్పిందీ దాదాపు ఒకటే. అంటే నేను రాసింది నిజమే. ఈ కొత్తామె కూడా ఏదో తప్పు చేస్తూ ఉండాలి. రేకు బిగించడానికి స్క్రూ చేతిలోకి తీసుకున్నాను కూడా.

అప్పుడు మీటరు గాజు మీద, మూలన, ఒక చిన్న గుర్తు కనబడింది. బ్యాటరీ గుర్తు. మీటరు బ్యాటరీ అయిపోవచ్చినప్పుడు వెలిగేది. ఎన్నాళ్లనుంచి వెలుగుతోందో నాకు తెలియదు, మీటరు బయటికి తీసి నెలలైంది. ఐటీఐలో మా మాస్టారు చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. బ్యాటరీ చచ్చిపోతున్న మీటరు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

చేతిలోని స్క్రూ బల్ల మీద పెట్టాను. బజారుకు వెళ్లి గడియారాల షాపులో మీటరుకు కొత్త బ్యాటరీ, దాంతోపాటు ఒక కొత్త పెన్సిల్ సెల్ కొన్నాను. ముందు ఆ సెల్‌ను కొలిచాను. ఒకటిన్నరకు కొంచెం పైన చూపించింది. కొత్త సెల్ అంతే ఉంటుంది. డాక్టరమ్మ గదిలో బాగా నడుస్తున్న కంప్యూటర్‌ను కూడా అడిగి విప్పి కొలిచాను. పన్నెండుకు అటూ ఇటూగా ఉంది. సరే, ఇప్పుడు మీటరును నమ్మొచ్చు అనుకుని మళ్లీ శీతలగది కంప్యూటర్ దగ్గరికి వచ్చాను.

పదకొండున్నర.

పదకొండు పాయింట్ నాలుగు దాకా తగ్గితే పరవాలేదంటారు. అంటే ఏ బరువూ మీద పడకముందే అది అంచున నిలబడి ఉంది. తెర మాత్రం ఇంకా పచ్చరంగులో పన్నెండు పాయింట్ ఒకటి చూపిస్తోంది.

ఒంటిగంట దాటింది. కొత్తామె గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఒంటిగంటా ఇరవైకి గోడ అవతల మోటరు గుర్రుమంది. లైటు మసకబారింది. మీటరులో పదకొండున్నర పదకొండయింది, పది పాయింట్ ఏడయింది. గుటుక్కుమన్న చప్పుడుతో కంప్యూటర్ ఆగిపోయింది. ఆయన చెప్పిన చప్పుడే. తెర నల్లబడే చివరి క్షణం దాకా అక్కడున్న అంకె పన్నెండు పాయింట్ ఒకటే.

“సూసిన్రా సార్!” అంది ఆమె. ఏడుపూ సంతోషమూ కలిసిన గొంతు.

బటన్ నొక్కి మళ్లీ నడిపించాను. మూడున్నర లోపల ఇంకా రెండుసార్లు ఆగింది. తర్వాత కంప్యూటర్‌కు కరెంటు అందించే సరఫరా డబ్బా, ఎస్‌ఎంపీఎస్ అంటారు, ఊడదీసి చూస్తే లోపల కరెంటును నిలవుంచే కెపాసిటర్లు పైకి ఉబ్బి, ఒకటి పగిలి గోధుమరంగు జిగురు కారి ఎండిపోయి ఉంది. లైనులో కరెంటు కొంచెం తగ్గినా తట్టుకునే శక్తి దానికి లేదు.

తెర ఎందుకు అబద్ధం చెప్పిందో కూడా చెప్పాలి. అది వోల్టేజీని నేరుగా కొలవదు. బోర్డు మీదున్న ఒక చిన్న చిప్‌ను అడుగుతుంది. చిప్ చెప్పినదాన్ని ఒక లెక్కతో గుణించి మనకు చూపిస్తుంది. ఆ లెక్క ఒక్కో బోర్డుకు ఒక్కో రకం. నా పెన్ డ్రైవ్‌లోని సాఫ్ట్‌వేర్‌కు ఆ బోర్డు తెలియదు. తెలియనిదాని గురించి తెలిసినట్టే మాట్లాడింది. నేనూ అదే చేశాను.

డాక్టరమ్మ వచ్చేసరికి నేను విప్పిన డబ్బా ముందు కింద కూర్చుని ఉన్నాను. ఆమె ఉబ్బిన కెపాసిటర్లను చూసింది, తర్వాత నన్ను చూసింది.

“అంటే అప్పుడు అతను చెప్పింది నిజమేనా?”

“నిజమే మేడమ్.”

“మరి మీరు రాసిచ్చింది?”

“తప్పు.”

ఆమె అక్కడే ఉన్న స్టూలు మీద కూర్చుంది. “మీ కాగితం చూసే అతన్ని తీసేయడానికి నేను సంతకం పెట్టాను. గదిలోని డయల్ థర్మామీటర్ రోజూ నేనే చూసేదాన్ని. ఒక్కసారి కూడా ముల్లు గీత దాటలేదు. ఆ మాట గట్టిగా అనలేకపోయాను. కంప్యూటర్ రాసిందే రుజువన్నారు పైవాళ్లు.” మళ్లీ అంది, “మీ రిపోర్టు తప్పని రాసిస్తారా?”

ఇస్తానన్నాను. అంత సులువుగా ఇవ్వలేదు.

ఆ సాయంత్రమే కొత్త ఎస్‌ఎంపీఎస్ వేసి, మర్నాడు నల్లగొండ వెళ్లి ఇన్‌ఛార్జికి అంతా చెప్పాను. అతను తల పట్టుకున్నాడు.

“కొత్త ఎస్‌ఎంపీఎస్ ఏసినవ్, నడుస్తాంది. అయిపాయె గదన్నా. పాత కాయితం మల్లెందుకు తీస్తున్నవ్?”

“గా కాయితంతోటి ఒక మనిషి నౌకరి పోయింది.”

“నువ్వు తీసేసినవా? ఆఫీసోళ్లు తీసేసిన్రు. మన రిపోర్టు తప్పని మనమే రాసిస్తే ఇగ మనల్ని ఎవరు పిలుస్తరు? ఇక్కడ పదకొండు మంది పనిజేస్తున్నరన్నా. ఆళ్ల సంగతేంది?”

అతను చెడ్డవాడు కాదు. ఆ పదకొండు మంది ఇళ్లలో ఎవరికి ఏ అవసరం వచ్చినా ముందు నిలబడేవాడు. అందుకే అతనితో వాదించలేదు. ఇంటికొచ్చాను. మూడు రోజులు కాగితం ముట్టుకోలేదు. రోజూ పొద్దున బండి తీసి పనికి వెళ్లాను, నాలుగు మాటలు మాట్లాడాను, తిన్నాను. ఆ మూడు రోజులే నాకు ఎక్కువ సిగ్గు. మొదటి రోజు చేసిన తప్పు తొందరలో చేసింది. ఈ మూడు రోజులూ తెలిసి చేసినవి.

నాలుగోరోజు చేత్తోనే రాశాను. ఏది కొలిచానో, దేంతో కొలిచానో, అప్పుడెందుకు కొలవలేదో రాశాను. ఆ మనిషి అసలు కారణం మొదటిరోజే చెప్పాడని, మధ్యాహ్నం దాకా ఉండమని అడిగాడని, నేను ఉండలేదని రాశాను. గోడ మీది సుద్దగీతలు నా కళ్లతో చూశానని, కావాలని ఆపేవాడు ఎన్నిసార్లు ఆపాడో లెక్క పెట్టుకోడని కూడా రాశాను. నేరుగా తీసుకెళ్లి డాక్టరమ్మ చేతిలో పెట్టాను. ఆమె తన మాట కూడా జతచేసి పైకి పంపింది.

ఆ నెలాఖరుకు కంపెనీ నన్ను నల్లగొండలో పాత సామాను గదికి మార్చింది. నా పని అక్కడే ముగిసింది. దానికి నేనేమీ అనుకోలేదు. ఆయన ఉద్యోగం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. కాగితం ఈ బల్లమీదినుంచి ఆ బల్లమీదికి తిరిగి తిరిగి, ఏడెనిమిది నెలలకు ఆయన్ను మళ్లీ పనిలోకి తీసుకున్నారు. కొత్తామెను దవాఖానలోనే వేరే పనికి సర్దారు. ఆయన ఇంకో రెండేళ్లు చేసి మానుకున్నాడు.

కానీ ఆయనకు కావాల్సింది అది కాదని నాకు ముందే తెలిసింది.

కాగితం ఇచ్చిన వారానికి ఆయన్ను వెతుక్కుంటూ వెళ్లాను. మందతో ఆత్మకూర్ దాటి కృష్ణ నది వైపు వెళ్లాడన్నారు. వరి కోసిన మడిలో మంద నిలిపి, గట్టు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. గొంగడి పరిచి కూర్చోమన్నాడు. నేను నిలబడే చెప్పాను. ఏమీ దాచలేదు. మీటరు సంగతి, తెర సంగతి, మూడు రోజుల సంగతి.

ఆయన కట్టె కొసతో మట్టి గీకుతూ విన్నాడు. కోపం వస్తుందని, తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

“గా దినం నువ్వు రెండు గంటలు కూసుంటే అయిపోతుండె సారూ” అన్నాడు చివరికి.

“అవునన్నా.”

“నౌకరి పోతే పాయె. మా తాత ముత్తాతలు గిదే పని జేసిన్రు. కని మా ఊర్ల ఎవ్వరు నన్ను మంద దగ్గరికి రానిస్తలేరు. యాడ పోయినా, మా గొర్లను సంపినోడంటున్రు. నా గొర్లు గూడ ఏడు సచ్చినయ్ సారూ. గదే మందు. నేనే దగ్గరుండి సూది ఇప్పిచ్చిన. గది ఎవ్వనికి యాది లేదు.”

గొర్రెలు మోకాళ్లు మడిచి ఒక్కొక్కటిగా పడుకుంటున్నాయి. ఆయన వాటివైపే చూస్తూ అన్నాడు.

“గా కాయితం పట్టుకొని మా ఊరికి రా. అందరి ముంగట సదువు. నాకింకేం ఒద్దు.”

వాళ్ల మంద ఊరికి తిరిగొచ్చాక, ఒక ఆదివారం పొద్దున వెళ్లాను. గొర్రెల కాపరుల సంఘం గది ముందు ముప్ఫై మంది దాకా కూర్చున్నారు. ఆడవాళ్లు గోడవారగా ఉన్నారు. ఆయన అందరికీ దూరంగా ఒక స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. ఆయన పక్కన ఎవరూ నిలబడలేదు.

మొత్తం చదివాను. రాసిన భాష వాళ్లకు అందదేమోనని మళ్లీ మామూలు మాటల్లో చెప్పాను. “ఈయన మిషన్ బంద్ చేయలే. మిషనే పాడైంది. ఈయన నాకు చెప్పిండు. నేను ఇనలే. సరిగ్గా సూడకుంట మంచిగుందని రాసిచ్చిన. తప్పు నాది.”

ఒక నడివయసు మనిషి లేచాడు. “గిన్ని నెలలకు వచ్చి చెప్తున్నవా? గప్పుడేడ పోయినవ్?”

తల వంచుకున్నాను.

గోడవారనుంచి ఒక అవ్వ అడిగింది. ఆమె మందలో చాలా చచ్చాయని తర్వాత తెలిసింది.

“అయితే మా గొర్లెందుకు సచ్చినయ్ బిడ్డా?”

ముప్ఫై మంది నా వైపు చూశారు. ఏదో ఒకటి చెప్పాలనిపించింది. చెబితే వాళ్లూ నమ్మేవాళ్లే, చేతిలో కాగితం ఉన్నవాణ్ని కదా.

“నాకు తెల్వదవ్వా” అన్నాను. “ఫ్రిజ్ గది ఎప్పుడు గరం కాలేదని డాక్టరమ్మ అన్నది. సూది ఏసేటాల్లకే గొర్లకు రోగం అంటి ఉండొచ్చని గూడ అన్నది. గది ఆమె మాట. నాకు కంప్యూటర్ సంగతి ఒక్కటే తెలుసు. అంతకు మించి చెప్తే మల్ల తప్పే అయితది.”

ఎవరో బీడీ వెలిగించుకున్నారు. ఇక వెళ్దామని నేను కాగితం మడుస్తుంటే అవ్వ గోడ పట్టుకుని లేచింది. స్తంభం దగ్గరికి నడిచింది. ఆయన ఎదురుగా నిలబడి, కోప్పడుతున్నట్టే అంది.

“గట్ల నిలబడ్డవేందిరా? మా పెద్ద గొర్రె పొద్దుగాలనుంచి ఈనలేక తండ్లాడుతాంది. జర వచ్చి సూడు.”

ఆయన విన్నది నిజమేనా అన్నట్టు ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత తలపాగా విప్పి నడుముకు కట్టుకుని, చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ ఆమె వెనక నడిచాడు. నా వైపు చూడలేదు. చూడాల్సిన పని కూడా లేదు.

నేను బండి దగ్గరికి వచ్చి తాళం వెతుక్కుంటున్నాను. సందు చివర దొడ్డి లోపలినుంచి ఆయన గొంతు గట్టిగా వినబడింది.

“గోరెచ్చటి నీళ్లు తెండ్రి! జల్ది!”

సంఘం గది ముందు కూర్చున్నవాళ్లలో నలుగురైదుగురు ఒక్కసారే లేచి ఉరికారు. అందరికంటే ముందు, ఇందాక నన్ను నిలదీసిన ఆ నడివయసు మనిషి.